మాత్రల సంచి బోర్లించండి

డెబ్బై అయిదు దాటిన మనిషి ఉన్న ఇంట్లో ఒక ప్లాస్టిక్ కవరో, పాత స్వీటు డబ్బానో తప్పకుండా ఉంటుంది. దాన్ని పేపరు పరిచి దాని మీద బోర్లించండి. బీపీ బిళ్ళ, షుగర్ బిళ్ళ, గ్యాస్ బిళ్ళ, రక్తం పలచబడటానికి ఒకటి, నిద్రకి అరబిళ్ళ, మోకాళ్ళ నొప్పికి ‘అవసరమైతేనే’ అని చెప్పి రోజూ వేసుకునేది, కళ్ళు తిరిగితే వేసుకునేది, బలానికి రెండు. అయిదే కావాలంటే మెడికల్ షాపులో కత్తిరించి ఇచ్చిన ముక్కలు కొన్ని ఉంటాయి. పేరున్న సగం షాపులో ఉండిపోయింది, తేదీ ఉన్న సగం ఇంకెవరింటికో పోయింది, మనకి ఉత్త వెండిరంగు రేకు మిగిలింది.

వృద్ధుల వైద్యం మీద గత ముప్ఫై ఏళ్ళుగా జరిగిన పరిశోధనలోంచి ఇంటికి పనికొచ్చే మాట ఒక్కటి ఏరమంటే నేను ఏరేది ఇది: పెద్దవాళ్ళకి కొత్త బాధ ఏది మొదలైనా, కొత్త జబ్బు వచ్చిందనుకునే ముందు ఈ సంచిని అనుమానించాలి. అనుమానం నిజమైతే ఆ మందు తగ్గించడం, తీసెయ్యడం కూడా వైద్యమే. రాసిన మందుకి ఫీజు ఇస్తాం, తీసేసిన మందుకి ‘ఈ డాక్టరు ఏమీ రాయలేదు’ అంటాం. తప్పు ఒక్క డాక్టర్లదే అనడానికి లేదు.

మందు వల్ల వచ్చిన బాధని జబ్బనుకుని దానికింకో మందు రాయడానికి 1990లలో పౌలా రోషన్, జెర్రీ గుర్విట్జ్ అనే ఇద్దరు వైద్యులు ‘ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్’ అని పేరు పెట్టారు. మనం మందుల గొలుసు అనుకుందాం. మన దగ్గర బాగా తరచుగా కనిపించే గొలుసు ఆమ్లోడిపిన్‌తో మొదలవుతుంది. మంచి మందే, చవక, రోజుకొకటి చాలు. 5 మి.గ్రా.కి బీపీ దిగలేదని 10 చేస్తారు. కొన్ని వారాలకి సాయంత్రమయ్యేసరికి చీలమండల దగ్గర వాపు. చెప్పు పట్టదు, వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఇది ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు. ఈ మందు సన్నటి ధమనుల్ని వదులు చేస్తుంది, సిరల్ని అంతగా చెయ్యదు. రక్తం వచ్చే దారి వెడల్పయి, పోయే దారి అలాగే ఉండిపోతే మధ్యలో కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు కండలోకి ఊరుతుంది. అందుకే నీరు తీసే బిళ్ళకి ఈ వాపు సరిగ్గా లొంగదు. అయినా ఫ్యూరోసెమైడ్ రాయడం జరుగుతూనే ఉంటుంది.

ఇక్కడి నుంచి చూడండి. ఫ్యూరోసెమైడ్ వేసుకున్న గంటలోపే బాత్రూముకి పరుగెత్తాలి. సాయంత్రం డోసు కూడా ఉంటే రాత్రి మూడుసార్లు చీకట్లో లేవాలి. పడితే తుంటి ఎముక. పొటాషియం తగ్గి పిక్కలు పట్టేస్తాయి, దానికి సిరప్. యూరిక్ యాసిడ్ పెరిగి కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోతుంది, దానికి నొప్పుల బిళ్ళ (డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటిది). నొప్పుల బిళ్ళ ఉప్పునీ నీటినీ ఒంట్లో నిలబెట్టి బీపీ పెంచుతుంది. బీపీ పెరిగింది కాబట్టి ఇంకో బీపీ బిళ్ళ. ఒక్క మాత్ర అయిదయింది, మొదటి సమస్య అలాగే ఉంది.

దీన్ని మొదటి లంకె దగ్గరే తెంపాలి. డాక్టరు ఆమ్లోడిపిన్‌ని 10 నుంచి 5కో 2.5కో దించి, అవసరమైతే టెల్మిసార్టాన్ లాంటిది కలుపుతారు. ఆ జాతి మందులు సిరల వైపు కూడా వదులు చేస్తాయి కాబట్టి వాపు తగ్గుతుంది. కాళ్ళవాపు ప్రతిదానికీ ఆమ్లోడిపిన్‌నే నిందించకూడదు. ఒక్క కాలే వాచి నొప్పి పెడుతుంటే సిరలో గడ్డ కావచ్చు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చి దిండ్లు పెంచుకోవలసి వస్తుంటే గుండె. ఈ రెండూ ఆ రోజే చూపించుకోవలసినవి.

రెండో గొలుసు గ్యాస్ బిళ్ళది. తెలుగులో గ్యాస్ అంటే ఛాతీలో మంట, తేన్పు, కడుపుబ్బరం, వీపునొప్పి, ఒక్కోసారి గుండెపోటు కూడా. దేనికైనా పొద్దున్నే పరగడుపున ఒక క్యాప్సూల్. అందులో పాంటోప్రజోల్, రాబిప్రజోల్ ఒక్కటే ఉంటే ఇక్కడ చెప్పబోయే గొడవ లేదు. పేరు చివర ‘ఎల్’ అనో ‘డి’ అనో తోక ఉంటే స్ట్రిప్ వెనక సన్నక్షరాలు చదవాలి. ‘డి’ అంటే మామూలుగా డోంపెరిడోన్. ‘ఎల్’ అంటే చాలా బ్రాండుల్లో లీవోసల్పిరైడ్. ఇది మెదడులో కదలికల్ని నడిపే రసాయనమైన డోపమైన్‌కి అడ్డుపడుతుంది. నెలల తరబడి వేసుకున్న పెద్దవాళ్ళలో కొందరికి మొహంలో కదలిక తగ్గుతుంది, అడుగులు పొట్టివవుతాయి, నడిచేటప్పుడు చేతులు ఊగవు, చెయ్యి వణుకుతుంది. ఇంట్లోవాళ్ళు ‘వయసు మీద పడింది’ అంటారు. డాక్టరు దగ్గరికి వెళితే పార్కిన్సన్స్ అని పేరు పడి లీవోడోపా మొదలు కావచ్చు. పొద్దున క్యాప్సూల్ డోపమైన్‌కి తలుపు మూస్తుంటే మధ్యాహ్నం బిళ్ళ అదే డోపమైన్‌ని తెచ్చి పోస్తుంటుంది. వణుకుకి ట్రైహెక్సీఫెనిడిల్ కూడా కలిపితే మలబద్ధకం, మూత్రం బిగపట్టడం, రాత్రిపూట అయోమయం అదనం.

ఇది ఊహ కాదు. లీవోసల్పిరైడ్‌కి దగ్గరి చుట్టం లాంటి మెటోక్లోప్రమైడ్ మీద అమెరికాలో జెర్రీ ఎవోర్న్ బృందం 1995లోనే లెక్క తీసింది. 65 దాటినవాళ్ళలో ఆ మందు వాడుతున్నవాళ్ళకి లీవోడోపా మొదలుపెట్టే అవకాశం వాడనివాళ్ళకంటే సుమారు మూడు రెట్లు. కళ్ళు తిరగడానికి ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్, సినరిజిన్, మైగ్రేన్‌కిచ్చే ఫ్లూనరిజిన్ కూడా ఇదే పని చేస్తాయి. మూడు రోజులకి రాసిన చీటీ మూడేళ్ళు నడిచినప్పుడే చిక్కు. మందు ఆపితే కొన్ని వారాల నుంచి నెలల్లో చాలామంది తేరుకుంటారు. తేరుకోనివాళ్ళలో కొందరికి లోపల నిజంగానే పార్కిన్సన్స్ దాగి ఉంటుంది.

ఇక్కడొక పక్కమాట. పెద్దవాళ్ళకి ఇవ్వకూడని, చూసి ఇవ్వవలసిన మందుల పట్టిక ఒకటుంది. 1991లో మార్క్ బీర్స్ అనే వైద్యుడు మొదలుపెట్టింది. ఇప్పుడు అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ నడుపుతోంది, 2023లో కూడా ఒక కొత్త కూర్పు వచ్చింది. మన దగ్గర ఎవరైనా జాగ్రత్తపరులైన డాక్టర్లు ఉంటే ఆ పట్టికనే చూస్తారు. కానీ లీవోసల్పిరైడ్, సినరిజిన్, ఫ్లూనరిజిన్ అమెరికా బజార్లో అసలు లేవు. అమ్మని మందుని వాళ్ళెందుకు పట్టికలో రాస్తారు? మన సంచిలో ఉన్న మందు వాళ్ళ జాబితాలో లేదు కాబట్టి మంచిదే అనుకుంటే దెబ్బతింటాం.

ఇన్ని మందులు ఒక్క మనిషి నోట్లోకి ఎలా చేరాయి? ఒక్కో డాక్టరు తన నియమం ప్రకారం రాసినా ఇలాగే అవుతుంది. జాన్స్ హాప్‌కిన్స్‌లో సింథియా బాయ్డ్ బృందం 2005లో ఒక లెక్క వేసింది. 79 ఏళ్ళ ఒక మహిళని ఊహించుకున్నారు. బీపీ, షుగరు, కీళ్ళ అరుగుదల, ఎముకల గుల్లతనం, దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు - మన వీధిలోనూ కనిపించే మనిషే. ఒక్కో జబ్బుకి అప్పటి మార్గదర్శకాలు ఏం చెప్పాయో అక్షరాలా పాటిస్తే ఆమెకి 12 రకాల మందులు, రోజుకి 19 డోసులు, అయిదు వేళలు. ఒక్క డాక్టరూ తప్పు చెయ్యలేదు. మనిషి మాత్రం రోజంతా మాత్రల చుట్టూ తిరగాలి. మార్గదర్శకం జబ్బుకి రాస్తారు, మనిషికి రాయరు. ఆ రాతకి ఆధారమైన ప్రయోగాల్లోకి ఇలా అయిదు జబ్బులున్న మనిషిని రానివ్వరు కూడా.

రానివ్వకపోతే ఏమవుతుందో కెనడాలో కళ్ళకి కట్టింది. 1999లో రేల్స్ అనే ప్రయోగం వచ్చింది. గుండె బాగా బలహీనపడిన 1,663 మందిలో సగంమందికి స్పైరొనోలాక్టోన్ (ఇదీ నీరు తీసేదే, కానీ పొటాషియం పెంచుతుంది) ఇచ్చి చూస్తే చావులు 30 శాతం తగ్గాయి. గొప్ప ఫలితం, ఇవాళ్టికీ నిలిచినదే. కానీ అందులోవాళ్ళ సగటు వయసు 65. క్రియాటినిన్ (మూత్రపిండాల పనితనం చెప్పే రక్తపరీక్ష అంకె) 2.5 దాటినవాళ్ళనీ పొటాషియం 5 దాటినవాళ్ళనీ తీసుకోలేదు. తీసుకున్నవాళ్ళకి మొదటి 12 వారాలూ నాలుగేసి వారాలకి రక్తం పరీక్ష. ఫలితం అచ్చయ్యాక ఒంటారియో రాష్ట్రంలో డాక్టర్లు ఆ మందుని 66 దాటినవాళ్ళకి ధారాళంగా రాశారు. 1994లో వెయ్యిమంది రోగులకి 34గా ఉన్న వాడకం 2001 చివరికి 149 అయింది. డేవిడ్ జూర్‌లింక్ బృందం 2004లో లెక్క తీస్తే, పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరినవాళ్ళు వెయ్యికి 2.4 నుంచి 11కి, దానివల్ల చనిపోయినవాళ్ళు వెయ్యికి 0.3 నుంచి 2కి చేరారు. మందు మారలేదు. మింగిన మనిషి మారాడు, మందు వెంట రావలసిన రక్తపరీక్ష రాలేదు.

ఆ మనిషిలో ఏం మారిందో ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. మూత్రపిండాలు నిమిషానికి ఎంత రక్తరసాన్ని శుభ్రం చేస్తున్నాయో అంచనా కట్టడానికి కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు 1976లో ఇచ్చిన సూత్రం ఇంకా మందుల డోసులకి వాడుతున్నారు. 140లోంచి వయసు తీసెయ్యండి. మిగిలినదాన్ని కిలోల బరువుతో గుణించండి. క్రియాటినిన్‌ని 72తో గుణించి, వచ్చినదానితో భాగించండి. ఆడవాళ్ళకైతే చివర 0.85తో గుణించండి. 82 ఏళ్ళ అవ్వ, 45 కిలోలు, క్రియాటినిన్ 1.0 అనుకుందాం. 58 ఇంటు 45, 2,610. 72తో భాగిస్తే 36.25, 0.85తో గుణిస్తే సుమారు 31. అదే క్రియాటినిన్ ఉన్న 40 ఏళ్ళ, 60 కిలోల ఆవిడకి 71 వస్తుంది. ల్యాబు రిపోర్టులో ఇద్దరి అంకె పక్కనా ‘నార్మల్’ అనే ఉంటుంది. క్రియాటినిన్ కండలోంచి పుట్టేది. అవ్వకి కండే లేదు, ఇక క్రియాటినిన్ ఎక్కడ పెరుగుతుంది? అందుకే అంకె మామూలుగా కనబడుతుంది. (ఈ సూత్రం కట్టింది 249 మంది మీద, దాదాపు అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళ 0.85 ఒక సర్దుబాటు. అయినా ఏమీ లెక్క కట్టకపోవడం కంటే నయం.)

31 అంటే ఏమిటి? ఈ అంకె 60 కిందికి దిగితే తిమ్మిర్లకి రాసే ప్రెగాబలిన్ డోసు సగం చెయ్యాలి, 30 కిందికి దిగితే అందులో సగం. చెయ్యకపోతే పగలంతా మగత, తూలు, పైగా కాళ్ళవాపు. ఆ వాపుకి ఫ్యూరోసెమైడ్ సిద్ధంగానే ఉంది కదా. 30 దగ్గరికి వచ్చిన మనిషికి షుగర్ మందు మెట్‌ఫార్మిన్ గురించి డాక్టరు మళ్ళీ ఆలోచించాలి. ఇప్పుడు చాలా ల్యాబులు ఇదే వడపోతని అంచనా కట్టి ఈజీఎఫ్ఆర్ అని ఒక అంకె ఇస్తున్నాయి, అదీ చూడండి. కానీ బాగా సన్నబడిన మనిషికి అది కూడా ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

ఇదంతా చదివి ‘ముసలితనంలో మందులెందుకు, పీకి పారేద్దాం’ అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళతో నాకు మందు మీద మందు రాసేవాళ్ళతో కంటే ఎక్కువ పేచీ. ఎనభై దాటినవాళ్ళకి బీపీ తగ్గించడం మంచిదా అన్న ప్రశ్నకి చాలాకాలం జవాబు లేదు, తగ్గిస్తే కీడేమో అన్న వాదమూ ఉండేది. 2008లో హైవెట్ అనే ప్రయోగం ఆ సందేహం తీర్చింది. అందరూ 80 దాటినవాళ్ళే, 3,845 మంది. ఇండాపమైడ్ 1.5 మి.గ్రా., చాలకపోతే పెరిండోప్రిల్, లక్ష్యం 150/80. సుమారు రెండేళ్ళకే చావులు 21 శాతం, గుండె వైఫల్యం 64 శాతం తగ్గాయి, పక్షవాతం దాదాపు 30 శాతం తగ్గింది. ప్రయోగాన్ని ముందే ఆపి అందరికీ మందు ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి 85 ఏళ్ళ తాతకి 180 బీపీ ఉంటే ‘ఈ వయసులో మామూలే’ అనడం వైద్యం కాదు, వదిలెయ్యడం.

2015లో స్ప్రింట్ అనే ప్రయోగం ఇంకా ముందుకెళ్ళింది. పైఅంకెని 120 కిందికి తెస్తే, 140 కింద ఉంచినదానికంటే మేలన్నది. 75 దాటిన 2,636 మందిని విడిగా చూసినా మేలే కనబడింది. దీన్ని చదివి పెద్దవాళ్ళకి మూడో బిళ్ళ, నాలుగో బిళ్ళ కలిపేముందు లోపలికెవర్ని రానిచ్చారో చూడాలి. షుగరున్నవాళ్ళని తీసుకోలేదు, పక్షవాతం వచ్చినవాళ్ళని తీసుకోలేదు, నర్సింగ్ హోముల్లో ఉండేవాళ్ళని తీసుకోలేదు. నిలబెట్టి చూస్తే పైఅంకె 110 కంటే తక్కువున్నవాళ్ళని తీసుకోలేదు. హైవెట్ కూడా నిలబెట్టి చూసింది. అక్కడ 140 కంటే తక్కువైతే వెనక్కి పంపేశారు. పెద్దవాళ్ళ బీపీ మీద పేరుమోసిన రెండు ప్రయోగాలూ మనిషిని నిలబెట్టి చూడకుండా ఒక్క మాత్ర మొదలుపెట్టలేదు. మన ఓపీ గదుల్లో నిలబెట్టి బీపీ చూసేవాళ్ళు ఎందరు? మెట్లెక్కి, గంటన్నర బెంచీ మీద కూర్చుని, కబుర్లు చెబుతుండగా చొక్కా చెయ్యి మీదే పట్టీ కట్టి ఒకసారి చూసిన అంకెకి, స్ప్రింట్‌లో అయిదు నిమిషాలు ఊరకే కూర్చోబెట్టి మెషీన్‌తో చూసిన అంకెకి చాలా తేడా ఉంటుంది. ప్రయోగంలోని లక్ష్యాన్ని మాత్రం తెచ్చుకుని, కొలిచిన పద్ధతిని అక్కడే వదిలేశాం.

ఇంట్లో చెయ్యవచ్చు ఈ పని. చేతికి కట్టే ఆటోమేటిక్ మెషీన్ చాలు, మణికట్టుది వద్దు. సన్నటి చేతికి పెద్ద పట్టీ కడితే అంకె తక్కువ చూపిస్తుంది, చిన్న పట్టీ విడిగా దొరుకుతుంది. మనిషిని అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడండి. లేపి నిలబెట్టి, పక్కన ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండి, నిలబడి ఒక నిమిషం కాగానే ఒకసారి, మూడు నిమిషాలు కాగానే ఇంకోసారి చూడండి. ఆ సేపు మెషీన్ కట్టిన చెయ్యి గుండె ఎత్తులో ఏదైనా దాని మీద ఆనాలి, కిందికి వేలాడితే అంకె ఎక్కువ వస్తుంది. పైఅంకె 20 గానీ కిందిది 10 గానీ పడిపోతే అది నిలబడగానే బీపీ పడే జబ్బు. మాత్రలు వేసుకున్నాక రెండు మూడు గంటలకి ఒక రోజు, తెల్లవారి లేవగానే ఒక రోజు చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అన్న ఫిర్యాదుకి సగం జవాబు ఈ మూడు అంకెల్లోనే దొరుకుతుంది. ప్రోస్టేట్‌కి రాత్రి వేసుకునే టామ్సులోసిన్, నీరు తీసే బిళ్ళ, నిద్ర బిళ్ళ - ముందు వీటిని చూడాలి. సినరిజిన్ వరకు వెళ్ళనక్కర్లేదు.

ఆస్పిరిన్ సంగతి త్వరగా తేల్చవచ్చు. గుండెపోటు, స్టెంటు, పక్షవాతం ఏదీ లేని మనిషి ‘ముందు జాగ్రత్తగా’ రోజూ వేసుకునే చిన్న ఆస్పిరిన్ మీద ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది పెద్దవాళ్ళతో ఆస్ప్రీ ప్రయోగం జరిగింది. 2018లో ఫలితం వచ్చింది: 100 మి.గ్రా. ఆస్పిరిన్ వల్ల అంగవైకల్యం లేకుండా బతికే కాలం పెరగలేదు, పెద్ద రక్తస్రావాలు 2.8 శాతం నుంచి 3.8 శాతానికి పెరిగాయి. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళకీ స్టెంటు ఉన్నవాళ్ళకీ ఇది వర్తించదు. వాళ్ళు ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

మన ఎండాకాలం మాటకొస్తే, ఇక్కడ ఇంకా ముదిరే ప్రమాదం ఒకటుంది. టెల్మిసార్టాన్ జాతి బిళ్ళ, నీరు తీసే బిళ్ళ, నొప్పుల బిళ్ళ - మూడూ కలిసిన సంచులు తెలుగు ఇళ్ళలో లెక్కలేనన్ని. మొదటి రెండూ చాలాసార్లు ఒకే మాత్రలో ఉంటాయి. పేరు చివర ‘హెచ్’ అనో ‘సీటీ’ అనో ఉంటే ఇంట్లోవాళ్ళకి అది నీరు తీసే మందని తెలియదు. మూత్రపిండంలోకి రక్తం వచ్చే సన్న నాళాన్ని నొప్పుల బిళ్ళ బిగిస్తుంది, బయటికి పోయే నాళాన్ని టెల్మిసార్టాన్ వదులు చేస్తుంది, నీరు తీసే బిళ్ళ రక్తాన్నే తగ్గిస్తుంది. వడపోతకి కావలసిన ఒత్తిడి మూడువైపులా పోతుంది. 2013లో బ్రిటన్‌లో 4,87,372 మంది రికార్డులు చూస్తే ఈ మూడూ కలిసినప్పుడు మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం 31 శాతం ఎక్కువ. మొదటి 30 రోజుల్లో అయితే 82 శాతం ఎక్కువ. అది బ్రిటన్ వాతావరణంలో. మే నెలలో పల్నాడులోనో ఖమ్మంలోనో రెండు రోజులు విరేచనాలై నీళ్ళు కూడా తాగలేకపోతున్న మనిషికి ఆ లెక్క ఎటు మొగ్గుతుందో ఆలోచించండి.

అందుకే ఆరోగ్యం బాగున్న రోజునే డాక్టర్ని ఒక ప్రశ్న అడిగి చీటీ మీద రాయించుకోవాలి: ‘డాక్టరు గారూ, నాన్నగారికి వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజు వీటిలో ఏవి ఆపాలి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి?’ నీరు తీసే బిళ్ళ, టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు - సాధారణంగా ఆపమనేవి ఇవి. తిండీ నీళ్ళూ మామూలయ్యాక ఒకటి రెండు రోజులకి మళ్ళీ మొదలు. ఇన్సులిన్ మాత్రం ఇంట్లోవాళ్ళు సొంతంగా ఆపకూడదు. నొప్పుల బిళ్ళ ఆ రోజుల్లో పూర్తిగా నిషిద్ధం. మామూలు రోజుల్లో కూడా మోకాళ్ళకి ముందు పారాసిటమాల్, పూత మందు, తొడ కండకి వ్యాయామం. ఇంకొకటి: నీరు తీసే బిళ్ళ వాడుతున్న బక్కపలచటి ముసలావిడ రెండు రోజుల్లో హఠాత్తుగా తిక్కతిక్కగా మాట్లాడుతుంటే ‘మతిమరుపు ముదిరింది’ అనకండి, రక్తంలో సోడియం చూపించండి. మతిమరుపు రెండు రోజుల్లో ముదరదు.

ఇప్పుడు తీసెయ్యడం గురించి. ఇది కూడా ప్రయోగాలతో తేలిన విషయమే. ఇంగ్లండ్‌లో ఆప్టిమైజ్ అనే ప్రయోగంలో 80 దాటి, రెండో అంతకంటే ఎక్కువో బీపీ మందులు వాడుతూ పైఅంకె 150 కింద ఉన్న 569 మందిని తీసుకున్నారు. సగంమందికి ఒక మందు తీసేశారు. 12 వారాల తర్వాత 150 కిందే ఉన్నవాళ్ళు తీసేసిన గుంపులో 86.4 శాతం, తియ్యని గుంపులో 87.7 శాతం. బీపీ సగటున 3.4 పెరిగింది. మూడింట రెండొంతుల మందికి ఆ మందు మళ్ళీ అవసరం పడలేదు. 2020లో అచ్చయింది. లోపం కూడా చెప్పాలి: మూడు నెలలే చూశారు, తీవ్రమైన ఇబ్బందులు తీసేసినవాళ్ళలో 12 మందికి, తియ్యనివాళ్ళలో ఏడుగురికి వచ్చాయి, ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చు, కాకనూ పోవచ్చు. కాబట్టి తీసేసి వదిలెయ్యకూడదు, తీసేసి కొలుస్తూ ఉండాలి.

నిద్ర బిళ్ళల మీద మాంట్రియల్‌లో కారా టానెన్‌బామ్ బృందం చేసిన ఎంపవర్ ప్రయోగం నాకు వీటన్నిటికంటే ఇష్టం. డాక్టర్లకి క్లాసులు పీకలేదు. నిద్ర బిళ్ళ వాడుతున్న పెద్దవాళ్ళ ఇంటికే ఒక చిన్న పుస్తకం పంపారు: ఈ మాత్ర మీ వయసులో ఏం చేస్తుంది, ఎలా తగ్గించుకోవచ్చు, మీ డాక్టరుతో ఏం మాట్లాడాలి. ఆరు నెలలకి పుస్తకం అందినవాళ్ళలో 27 శాతం మంది పూర్తిగా మానేశారు, అందనివాళ్ళలో 5 శాతం. ‘పెద్దవాళ్ళకి చెప్పినా అర్థం కాదు’ అనే మన ధీమాకి ఇది జవాబు. కారణం చెబితే వింటారు. డయాజెపామ్ సంగతే తీసుకోండి: 20 ఏళ్ళ కుర్రవాడి ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 20 గంటలు పడితే, 80 ఏళ్ళ మనిషి ఒంట్లో 90 గంటలు పడుతుంది. అంటే నిన్నటిది, మొన్నటిది ఇంకా ఉండగానే ఇవాళ్టిది వేస్తున్నాం. ఈ ముక్క తాతకి చెప్పి చూడండి.

సంచిని తేల్చే పద్ధతి ఇలా ఉంటుంది. మాత్రలు లెక్కపెట్టకండి, మందులు లెక్కపెట్టండి. ఒక్కో మాత్రలో రెండు మూడు ఉంటాయి కాబట్టి ఆరు మాత్రలు పదకొండు మందులు కావచ్చు. ఒక తెల్లకాగితం మీద బ్రాండు పేరు కాకుండా స్ట్రిప్ వెనక ఉన్న మందు పేరు, మి.గ్రా., ఏ వేళ, ఎవరు రాశారు, ఎప్పటి నుంచి, దేనికి అని రాయండి. ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లతో రాసిన ఒకే జాతి మందు ఇక్కడే బయటపడుతుంది: ఒకరిది పాంటోప్రజోల్, ఇంకొకరిది రాబిప్రజోల్, నొప్పుల బిళ్ళలో ఒక పారాసిటమాల్, జ్వరం బిళ్ళలో ఇంకొకటి. జలుబు బిళ్ళలు, ఆయుర్వేదం పొడులు, పక్కింటివాళ్ళిచ్చినవి కూడా రాయండి. జలుబు బిళ్ళలోని క్లోర్‌ఫెనిరమిన్ ఒక్క రాత్రిలో ముసలాయనకి మూత్రం బిగపట్టేలా చెయ్యగలదు. ‘దేనికి’ అన్న గడి ఖాళీగా మిగిలిన మందులే మొదట ప్రశ్నించవలసినవి. తర్వాత ఇప్పుడు బాధపెడుతున్నవి. ఎప్పుడో ఏళ్ళ తర్వాత మేలు చేసేవి చివర. కొత్త బాధ మొదలైన తేదీకి ముందు మూడు నెలల్లో ఏ మందు వచ్చింది, ఏ డోసు పెరిగింది అని ఆ కాగితం మీదే చూస్తే గొలుసు కొన దొరుకుతుంది.

ఈ కాగితం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నిర్ణయం ఇంట్లో జరగకూడదు. ఒకసారికి ఒక్క మందే. తీసేసి రెండు నుంచి నాలుగు వారాలు చూడాలి. రెండు కలిపి తీస్తే ఏది ఏం చేసిందో తెలియదు. హఠాత్తుగా ఆపితే తిరగబడేవి ఉన్నాయి: మెటోప్రొలోల్, అటెనొలోల్ ఆపితే గుండెదడ, ఛాతీనొప్పి, క్లోనిడిన్ ఆపితే బీపీ పైకి ఎగురుతుంది, నిద్ర బిళ్ళలు, స్టెరాయిడ్లు, మూర్ఛ మందులు, లీవోడోపా కూడా అంతే. ఇవి మెట్టుమెట్టుగా దించాలి. స్టెంటు వేయించుకున్నవాళ్ళ క్లోపిడోగ్రెల్ గుండె డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు. ఏళ్ళ తరబడి వాడిన గ్యాస్ బిళ్ళ ఆపగానే కొన్ని వారాలు ఆమ్లం అంతకుముందుకంటే ఎక్కువ ఊరుతుంది. ‘చూశావా, అది లేకపోతే కుదరదు’ అని మళ్ళీ మొదలుపెడతారు. అది పాత జబ్బు కాదు, మందు మానిన ఎదురుదెబ్బ. డోసు సగం చేసి, తర్వాత రోజు విడిచి రోజు చేసి, మంట వచ్చినప్పుడు సిరప్ తాగుతూ దాటించవచ్చు. నొప్పుల బిళ్ళో ఆస్పిరినో తప్పనిసరిగా వాడవలసినవాళ్ళకి మాత్రం గ్యాస్ బిళ్ళ రక్షణ, దాన్ని తియ్యకూడదు.

షుగరులో కూడా తీసివేతకి చోటుంది. జబ్బులు ఎక్కువై, ఒకరి సాయంతో బతుకుతున్న మనిషికి మూడు నెలల షుగరు 8 దగ్గర ఉన్నా చాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా అంటుంది. ఆ వయసులో 6.2 వస్తే సంతోషించే ముందు ఆ బిళ్ళలో గ్లిబెన్‌క్లమైడో గ్లిమెపిరైడో ఉందేమో చూడాలి. రాత్రి అన్నం సరిగ్గా తినని రోజున తెల్లవారుజామున షుగరు 45కి పడితే, ముసలివాళ్ళకి చెమటలు పట్టకపోవచ్చు. మంచం మీద అయోమయంగా పలకకుండా ఉండిపోతారు.

ఇవన్నీ బయటి దేశాల ప్రయోగాలే అని గమనించే ఉంటారు. మన దగ్గర వృద్ధుల వైద్యం కొత్తదేం కాదు. 1978లోనే మద్రాసులో దానికి విడిగా ఓపీ విభాగం తెరిచారు. పెద్ద సర్వే కూడా ఉంది: 2017-18లో ముంబయిలోని ఐఐపీఎస్ అనే జనాభా అధ్యయన సంస్థ ఆధ్వర్యంలో లాసీ అనే వృద్ధాప్య సర్వే జరిగింది. 45 దాటినవాళ్ళనీ వాళ్ళ భార్యాభర్తల్నీ కలిపి 72 వేల పైచిలుకు మందిని, అందులో 60 దాటినవాళ్ళని 31 వేల మందికి పైగా, ఇళ్ళకి వెళ్ళి చూశారు. బీపీ చూశారు, చేతి పట్టు కొలిచారు, నడిపించి సెకన్లు లెక్కపెట్టారు. కానీ సర్వే మనం ఎలా ఉన్నామో చెబుతుంది, ఏం మానేస్తే బాగుంటామో చెప్పదు. దానికి ప్రయోగం కావాలి, దానికి కంపెనీల డబ్బు రాదు. తమ సరుకు అమ్మకం తగ్గించుకోవడానికి ఎవరు పెట్టుబడి పెడతారు? ప్రభుత్వమే పెట్టాలి, పెద్ద ఖర్చు కూడా కాదు. నన్నడిగితే మొదటిది గ్యాస్ క్యాప్సూల్‌తోనే చేస్తాను. ఆరు నెలలకి పైగా లీవోసల్పిరైడ్ కలిసిన క్యాప్సూల్ వాడుతున్న 70 దాటినవాళ్ళని జిల్లా ఆస్పత్రుల్లో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి అదే, రెండో గుంపుకి ఉత్త పాంటోప్రజోల్. 12 వారాల తర్వాత కడుపు ఎలా ఉందో అడగడం, ఎన్నిసార్లు పడ్డారో రాయడం, వరండాలో సుద్దముక్కతో నాలుగు మీటర్లు గీసి నడవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడటం.